రంగం రేవు మోసిన మూపులు

మా పేటలో రంగూన్ అని ఎవరూ అనరు. రంగం అంటారు. రంగం పోయాడు, రంగం నించి తిరిగి రాలేదు, రంగంలో చచ్చాడు. మా ఇంటి చరిత్రంతా ఈ మూడు మాటల్లోనే వుంది. బళ్ళో రాజుల పేర్లు బట్టీ పట్టించారు. ఒక దేశపు రాజధానిని మూపుల మీద మోసిన మావాళ్ళ సంగతి మాత్రం ఏ పంతులూ చెప్పలేదు. అంచేత మేమే రాసుకోవాలి.

1852 యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు రంగూన్ పట్టుకున్నారు. ఆ తర్వాతే గీతలు గీసి కొత్త పట్నం కట్టారు. ఐరావతి డెల్టాలో బర్మా రైతులు అడవి కొట్టి వరి పండించారు. ఆ బియ్యం ఓడలకెక్కాలంటే మిల్లులో పనిచేసేవాడు కావాలి, బస్తా మోసేవాడు కావాలి. పట్నం కంపు కొట్టకుండా వుండాలంటే పాకీపని చేసేవాడు కావాలి. అందరూ చవగ్గా దొరకాలి. అలా విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో మావాళ్ళు ఓడలెక్కారు. గోదారి మొగలోని కోరంగి రేవు 1839 తుపానుకి నాశనమైంది గానీ దాని పేరు బర్మాలో బతికింది. తెలుగోడు ఏ వూరివాడైనా అక్కడ 'కోరంగీ'యే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో నాలుగు లక్షల మంది వుంటే, సగానికి పైగా ఇండియా మూలాలవాళ్ళే.

మా తాత వూళ్ళో పాలేరు. ఎంత చేసినా అప్పు తీరదు. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడితే ఓడెక్కాడు. "సముద్రం దాటితే కులం పోద్దని పెద్దకులాలోళ్ళు బయపడేవోళ్ళంట. పోతే పీడా పోద్దని మీ తాత ఎక్కేడ్రా" అని మా నాయనమ్మ చెప్పేది. కులం పోలేదు. వాళ్ళకంటే ముందే దిగి రేవులో నిలబడింది. మేస్త్రీ పై కులమోడు, కూలిలో వాటా వాడిది. పాకీపని మావాళ్ళది. అయినా రంగం వీధుల్లో మా తాత చెప్పులేసుకుని నడిచాడు. వూరొచ్చాక ఆ చెప్పులే చేత పట్టుకోవాల్సొచ్చింది.

1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీల్ని దించాయి. సమ్మె తెగాక వాళ్ళని పొమ్మన్నాయి. ఆకలిగొన్న ఇద్దరు పేదోళ్ళని ఒకే బస్తా ముందు నిలబెడితే ఏమవుద్ది? మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చచ్చిపోయారు. ఆ యేడే 'దొబామా' సంఘం పుట్టింది. బర్మా స్వాతంత్ర్య పోరాటానికి అది వెన్నెముక అయింది. బర్మా రైతు కోపం వూరికే వచ్చింది కాదు. 1930ల్లో అప్పుల కింద దిగువ బర్మా వరిపొలాల్లో నాలుగోవంతు దాకా చెట్టియార్ల చేతికి పోయింది. అయితే కత్తి దిగింది చెట్టియారు ఇనప్పెట్టె మీద కాదు, కూలోడి వీపు మీద. మేం వాళ్ళ భూమి తినలేదు. వాళ్ళలాగే భూమి లేనివాళ్ళం.

1941 డిసెంబర్ 23న జపాను బాంబులు పడ్డాయి. కూలీలు, పాకీవాళ్ళు పారిపోయేసరికి రేవు ఆగింది, వీధులు కంపుకొట్టాయి. అప్పటిగ్గానీ దొరలకి మా విలువ తెలిసిరాలేదు. వెనక్కి తిప్పాలని చూశారు. 1942లో నాలుగు లక్షల మందికి పైగా ఇండియాకి తరలి వచ్చారు. ఎక్కువమంది కొండలెక్కి, అడవులు దాటి నడిచారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. మా తాత వచ్చాడు. ఆయన తమ్ముడు రాలేదు.

1947 జులై 19న ఆంగ్ సాన్‌తో పాటు హత్యకి గురైన మంత్రుల్లో అబ్దుల్ రజాక్ వున్నాడు. ఆయన తండ్రి ఇండియా నించి వెళ్ళినవాడే. ఏటా ఆ రోజుని బర్మా అమరవీరుల దినంగా జరుపుకుంటుంది. మంచిదే. రక్తం కార్చినవాడికి రోజుంది. చెమట కార్చినవాడికేదీ?

1962లో నెవిన్ సైన్యం గద్దెనెక్కింది. 1964లో కొట్లు, వ్యాపారాలు జాతీయం చేసింది. లక్షలమంది మళ్ళీ ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వచ్చినవాళ్ళదే. అక్కడ 'కలా' అన్నారు, పరాయోడని. ఇక్కడ 'బర్మావోళ్ళు' అన్నారు, అదీ పరాయోడనే.

1982లో బర్మా పౌరసత్వ చట్టం చేసింది. 1823కు ముందే ఆ నేలమీద వున్న జాతులే పుట్టుకతో పౌరులంది. తక్కినవాళ్ళకి మెట్లు కట్టింది. మెట్లు కట్టడం మాకు కొత్తేం కాదు. వూళ్ళో పుట్టుక చూసి బావి కాడ ఆపారు, అక్కడ పుట్టుక చూసి దేశం కాడ ఆపారు. కానీ ఒక్క మాట అడగాలి. ఇంగ్లీషువాళ్ళు గీతలు గీసిన ఆ పట్నం 1823లో లేదు. ఆ రేవు లేదు, ఆ మిల్లులు లేవు. వాటిని లేపినవాడు వాటికంటే ముందే అక్కడ వుండి తీరాలంటే ఎలా? పని చేసిందాన్నే పుట్టుకగా లెక్కేస్తే, రంగంలో మా తాతకంటే పాతకాపు ఎవడు?