బొప్పాయి పాల వైద్య చరిత్ర

బొప్పాయి పండు ఒంటికి మంచిదన్న మాట నేడు ప్రతి ఇంటా వినిపిస్తున్నా, వైద్యశాస్త్రంలో ఆ చెట్టుకు చోటు సంపాదించి పెట్టినది పండు కాదు, పచ్చికాయ తొక్కకు గాటు పడినప్పుడు కారే తెల్లని పాలు. మాంసకృత్తులను చిన్న చిన్న ముక్కలుగా తెంచివేసే ఎంజైములు, అంటే రసాయన చర్యలను వేగవంతం చేసే జీవపదార్థాలు, ఆ పాలలో దండిగా ఉంటాయి. కాయ పక్వానికి వచ్చేకొద్దీ పాలు తగ్గిపోయి, బాగా మాగిన పండులో దాదాపు మాయమవుతాయి. బొప్పాయి మందుగా చేసిన మేలూ, కొన్ని సందర్భాల్లో చేసిన కీడూ చాలామటుకు ఆ తెంచే గుణం నుంచే పుట్టాయి గనుక, పచ్చికాయనూ పండునూ ఒకే గాటన కట్టి చెప్పే ఉపయోగాల పట్టికలు ఈ చరిత్రను తికమక చేస్తాయి.

దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు పుట్టిల్లయిన ఈ చెట్టును 16వ శతాబ్దపు పూర్వార్ధంలో స్పానిష్ చరిత్రకారుడు గొంజాలో ఫెర్నాండెజ్ దె ఒవియెదో వర్ణించాడు. ఎండిన గింజలు చాలాకాలం మొలకెత్తే శక్తిని నిలుపుకోవడం వల్ల ఓడలలో వాటి ప్రయాణం సులువైంది. అవి ఫిలిప్పీన్స్‌కూ, అక్కడి నుంచి మలక్కాకూ, ఆపైన భారతదేశానికీ చేరాయని గోవాలో కొన్నేళ్లు ఉండి వెళ్లిన డచ్చి యాత్రికుడు లిన్‌షోటెన్ 1596లో వెలువడిన తన గ్రంథంలో పేర్కొన్నాడు. కాబట్టి చరక సుశ్రుత సంహితల్లో బొప్పాయి కనిపించే అవకాశమే లేదు. ఆముదపు ఆకులను తలపించే ఆకులను బట్టి ‘ఏరండకర్కటి’ అన్న సంస్కృత నామం తర్వాతి వైద్యులు కల్పించుకున్నదే తప్ప ప్రాచీనతకు సాక్ష్యం కాదు. వేల ఏళ్ల ఆయుర్వేద ఔషధమంటూ దీనిని అమ్మేవారు ఆ సంగతి దాటవేస్తుంటారు.

అయితే కొత్తగా వచ్చిన చెట్టు గుణాలను గ్రహించడానికి జనానికి ఎక్కువ కాలం పట్టలేదు. నులిపురుగులు పడిపోవడానికి పాలను లోపలికి ఇవ్వడం, తామరకు పైపూతగా రాయడం, అజీర్తికి పచ్చికాయ తినిపించడం పలు దేశాల గృహవైద్యంలో స్థిరపడ్డాయి. గర్భిణులు బొప్పాయి జోలికి పోకూడదన్న నిషేధం తెలుగునాట కూడా ఇప్పటికీ బలంగానే ఉంది. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో ఎలుకల గర్భాశయ కండరం మీద పండు రసం ప్రభావం చూపలేదనీ, పచ్చికాయ పాలు మాత్రం దానిని బలంగా సంకోచింపజేశాయనీ తేలింది. ఎలుకల ఫలితాన్ని యథాతథంగా మనుషులకు వర్తింపజేయలేకపోయినా, పెద్దల భయానికి పచ్చికాయ వరకు ఆధారం ఉందనీ, పండును కూడా అదే కట్టడిలో చేర్చడం అతి జాగ్రత్త అనీ అనుకోవచ్చు.

పాల అసలు శక్తిని ముందుగా కనిపెట్టింది వంటిల్లు. ముదురు ఉప్పుమాంసాన్ని సైతం పచ్చి బొప్పాయితో కలిపి ఉడికిస్తే త్వరగా మెత్తబడుతుందని గ్రిఫిత్ హ్యూస్ 1750లో బార్బడోస్ ద్వీపం గురించిన తన గ్రంథంలో రాశాడు. హైదరాబాదులో కబాబులకూ, పచ్చిమాంసంతో దమ్ చేసే బిర్యానీకీ మాంసం నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించడం వెనుక ఉన్నదీ ఆ సూత్రమే. మాంసకృత్తులున్న ఆహారం మీద ఈ పాలు పనిచేసే తీరును జి.సి. రాయ్ పరీక్షించి 1870లలో కలకత్తా వైద్య పత్రికలో ప్రకటించగా, 1879లో ప్యారిస్‌లో రసాయన శాస్త్రవేత్త వుర్ట్జ్, వైద్యుడు బుషూ కలిసి ఆ చర్యకు కారణమైన పదార్థాన్ని వేరుచేసి ‘పపెయిన్’ అని పేరు పెట్టారు. పిల్లల గొంతులో తెల్లని పొర కట్టి ఊపిరి ఆడనివ్వని కంఠసర్పి వ్యాధికి సీరం చికిత్స ఇంకా రాని రోజులవి. ఆ పొరను కరిగించడానికి బుషూ పపెయిన్‌ను ప్రయోగించాడు. పొర కరిగినా శరీరంలోకి పాకిన విషాన్ని ఎంజైము ఏమీ చేయలేదు గనుక, సీరం వచ్చాక ఈ పద్ధతి మరుగున పడింది. అజీర్తి మందుగా మాత్రం పపెయిన్ నిలదొక్కుకుంది.

మందుల కంపెనీల గిరాకీతో పాల సేకరణ ఒక వృత్తిగా ఎదిగింది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఎగుమతుల్లో సింహళం ముందుండగా, తరువాత తూర్పు ఆఫ్రికా, కాంగో ప్రాంతాలు ఆ స్థానానికి వచ్చాయి. సుమారు మూడు నెలల వయసున్న కాయ మీద ఉదయం పది గంటలలోపు, రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు మించకుండా, పైనుంచి కిందికి మూడు నాలుగు గాట్లు పెట్టి, కారిన పాలను కాండం చుట్టూ అమర్చిన పళ్లెంలో పడతారు. ఇనుము తగిలితే సరుకు చెడుతుంది గనుక వెదురు, గాజు, తుప్పుపట్టని ఉక్కు పనిముట్లే వాడతారు. కొద్దిసేపటికే గడ్డకట్టే ఈ పాలను తక్కువ వేడి మీద ఆరబెట్టి పొడి చేస్తారు. ఆ పాలు చేతుల చర్మాన్ని పుండు చేస్తాయి, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా తెస్తుంది. ఔషధ ప్రశంసలు రాసినవారు ఈ కూలీల గురించి రాసింది తక్కువ. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పాల దిగుబడికి అనువైన సి.ఓ.2, సి.ఓ.5 రకాలను రూపొందించింది. పాలు తీసిన కాయలు వృథా కావు: బేకరీలలో కనిపించే రంగురంగుల టుట్టీఫ్రుట్టీ తయారయ్యేది పచ్చి బొప్పాయితోనే.

20వ శతాబ్దంలో పపెయిన్ పరిశోధనశాలలో పనిముట్టుగా మారింది. రోగాలను ఎదిరించడానికి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాల నిర్మాణం తెలియని కాలంలో, రోడ్నీ పోర్టర్ 1950ల చివర ఆ పెద్ద అణువును పపెయిన్‌తో మూడు ముక్కలుగా తెంచి, ఏ ముక్క ఏ పని చేస్తుందో చూపాడు. ఈ కృషికి ఆయన 1972లో గెరాల్డ్ ఎడెల్మన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. రోగులకు ఏ మోతాదూ ఇవ్వకుండానే బొప్పాయి పాలు వైద్యానికి చేసిన ఈ సాయం, బహుశా అన్నిటిలోకీ పెద్దది.

1956లో లూయిస్ థామస్ కుందేళ్ల రక్తంలోకి పపెయిన్ ఎక్కించగా, చెవులను నిలబెట్టే మృదులాస్థి మెత్తబడి అవి ఒక్కరోజులో వాలిపోయి, కొన్ని రోజులకు మళ్లీ నిక్కబొడుచుకున్నాయి. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కితే కాలిలోకి పాకే సయాటికా నొప్పికి ఇదే దారి చూపవచ్చని తలచిన అమెరికా శస్త్రవైద్యుడు లైమన్ స్మిత్, బొప్పాయి పాలలోని మరో ఎంజైమైన కైమోపపెయిన్‌ను 1963లో మనుషుల డిస్కులోకి ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. కోత లేని ఈ చికిత్సకు అమెరికా ప్రభుత్వం 1982లో అనుమతినిచ్చింది. ఎందరికో నొప్పి తగ్గినా, కొందరిలో ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ, అరుదుగా వెన్నుపాము దెబ్బతిని పక్షవాతం కనిపించడంతో వైద్యులు వెనుకంజ వేశారు. అమెరికాలో దాని అమ్మకం 2003లో ఆగిపోయింది. పుండ్లలోని చచ్చిన కండను కరిగించే పపెయిన్ లేపనాలను సైతం అలర్జీల కారణంగా 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అంగడి నుంచి తీయించింది.

పండు విలువ వేరు. 100 గ్రాముల పండులో సుమారు 60 మిల్లీగ్రాముల విటమిన్ సి, దానితోపాటు శరీరం విటమిన్ ఎ గా మార్చుకునే కెరోటిన్ ఉన్నాయి. అది మందు కాదు, చవకగా దొరికే మంచి ఆహారం. ఇటీవలి ఆసక్తి ఆకు మీదికి మళ్లింది. 2013లో వెలువడిన మలేసియా పరిశోధనలో ఆకురసం తాగిన డెంగీ రోగులకు ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, పెరిగినట్లు తేలాక తెలుగు రాష్ట్రాల్లో కూడా జ్వరాల కాలంలో ఆ రసానికీ మాత్రలకూ గిరాకీ పెరిగింది. డెంగీలో ప్రాణాపాయం మాత్రం ఒక్క ప్లేట్‌లెట్ల సంఖ్యతో తేలేది కాదు. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోవడమే ముఖ్యమైన ముప్పు కావడం వల్ల, సకాలంలో తగిన మోతాదులో ద్రవాలు ఎక్కించడమే నేటికీ ప్రధాన చికిత్సగా కొనసాగుతోంది.