చూసే కన్ను వేరు, తీసే కన్ను వేరు

గత కార్తీకంలో వనభోజనాలకు వెళ్ళినప్పుడు ఒక మిత్రుని కుమారుడు మా దగ్గరకు వచ్చి, సంచిలోంచి ఒక పాత కెమెరా తీశాడు. "ఇండియాలో తాతయ్య బీరువాలో దొరికింది అంకుల్. ఒక రీలు తీసి కడిగించాను. సగం బొమ్మలు మసకగా ఉన్నాయి, కొన్ని అసలు రాలేదు. ఇది పాడైపోయిందా?" అని అడిగాడు. రోగిని వెంటబెట్టుకొని వచ్చినట్లే ఉంది అతని ధోరణి. అటూ ఇటూ తిప్పి చూశాము. కెమెరాకు ఏ జబ్బూ లేదు. అది రేంజ్‌ఫైండరు తరగతి కెమెరా. దాని స్వభావం తెలియక చేసిన పొరపాట్లు అవి. వాళ్ళ తాతయ్య కూడా మొదట్లో అవే చేసి ఉంటారు. మేమూ చేశాము.

ఈ పొరపాట్లకు ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే పొరపాటు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. మన ఇళ్ళలో మరికొందరు పిల్లలు కూడా ఈ పాత కెమెరాల మీద మోజు పడుతున్నారు గనుక, ఆ చరిత్రను నాలుగు మాటలలో చెప్పుకుందాము.

మన హైదరాబాదుతో మొదలుపెడితే, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఛాయాచిత్రకారుడుగా ఉన్న లాలా దీన్ దయాళ్ (1844–1905) వాడినవి పెద్ద కొయ్యపెట్టె కెమెరాలు. మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టె నిలబెట్టి, నల్లగుడ్డ ముసుగు కప్పుకొని, వెనుక ఉన్న గరుకు గాజు మీద బింబాన్ని చూసేవారు. బొమ్మ తలకిందులుగా కనబడేది. అయినా అది లెన్సులోంచి వచ్చిన బింబమే. ఆ గాజు ఉన్నచోటనే తరువాత ప్లేటు పెట్టి బొమ్మ తీసేవారు. అంటే కంటికి కనబడినదే ప్లేటు మీద పడేది. లెన్సుకు మూత ఉంటే గాజు మీద ఏమీ కనబడదు. ఫోకస్ తప్పితే అక్కడే తెలిసిపోతుంది. 1894లో నిజాము ఆయనకు రాజా బిరుదు ఇచ్చాడు. ఆ బిరుదు వెనుక ఎంత ప్రతిభ ఉన్నదో, ఎంత బరువు మోయడం ఉన్నదో ఆ చిత్రాలు చూస్తేనే తెలుస్తుంది.

ఆ బరువే ఈ కథను మలుపు తిప్పింది. జర్మనీలో వెట్జ్‌లార్ అనే ఊళ్ళో లైట్జ్ వారి కర్మాగారం ఉండేది. సూక్ష్మదర్శినుల మీద ఆ పేరు మా వైద్యవృత్తిలో వారికి కొత్తది కాదు. అక్కడ 1911లో పనిలో చేరిన ఆస్కార్ బార్నాక్‌కు ఛాయాచిత్రాల మీద మక్కువ ఎక్కువ, ఒంట్లో ఉబ్బసం. ప్లేట్ల పెట్టె మోసుకొని కొండలు ఎక్కలేక, సినిమాకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో జేబులో పట్టే కెమెరా ఒకటి తయారు చేసుకున్నాడు. మొదటి నమూనా 1914 నాటిది. దానినే మెరుగుపరచి 1925లో లైప్‌జిగ్ సంతలో ‘లైకా’ పేరుతో అమ్మకానికి పెట్టారు. ఊపిరాడని మనిషి తన సుఖం కోసం చేసుకున్న పనిముట్టు లోకం తీరునే మార్చింది.

అయితే ప్రతి సుఖానికీ ఒక మూల్యం ఉంటుంది. కెమెరా చిన్నదైంది గనుక గరుకు గాజుకు చోటు లేదు. చూడడానికి పైన ఒక చిన్న కిటికీ పెట్టారు. బొమ్మ తీసేది మాత్రం కింద ఉన్న లెన్సు. చూసే కన్ను వేరు, తీసే కన్ను వేరు అయిపోయాయి. మొదటిసారి పట్టుకున్నవారి పొరపాట్లలో చాలావాటికి మూలం ఇదే. చూసే కన్నుకు కనబడిందంతా తీసే కన్నుకూ కనబడిందని మనం నమ్ముతాము.

మొట్టమొదటి పొరపాటు లెన్సు మూత తీయకపోవడం. కిటికీలో లోకమంతా కళకళలాడుతూ ఉంటుంది. లెన్సు చీకట్లో ఉంటుంది. కెమెరా ఏమీ చెప్పదు. పాత లైకాలలో దీనికి తమ్ముడు వంటి పొరపాటు ఇంకొకటి ఉండేది. లెన్సు గొట్టం కెమెరాలోకి ముడుచుకొని ఉండేది. దానిని బయటికి లాగి తిప్పి బిగించాలి. అది మరచిపోతే రీలంతా మసకే.

రెండవది ఫోకస్. 1925 నాటి కెమెరాలో దూరాన్ని కంటితో అంచనా వేసి, లెన్సు మీద అంకె తిప్పి పెట్టవలసి వచ్చేది. అంచనా తప్పడం మానవ సహజం. 1932లో వచ్చిన లైకా II దీనికి విరుగుడు తెచ్చింది. కెమెరా ముఖం మీద కొంచెం ఎడంగా రెండు కిటికీలు పెట్టి, రెండింటిలోంచి వచ్చే బింబాలను ఒకేచోట చూపించారు. లెన్సు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలు దగ్గరగా జరుగుతాయి. ఒకటైపోయిన క్షణాన దూరం సరిపోయినట్లు. మన రెండు కళ్ళూ దూరాన్ని పసిగట్టే తీరు కూడా దాదాపు ఇలాంటిదే. దూరాన్ని కొలిచే ఈ ఏర్పాటే రేంజ్‌ఫైండరు. అదే ఏడు జైస్ వారు కాంటాక్స్ కెమెరాతో పోటీకి దిగారు.

కొత్తవారు మధ్యలో కనబడే ఆ చిన్న మచ్చను బుగ్గ మీదో, గోడ మీదో పెట్టి తికమక పడతారు. మచ్చకు నిలువు గీత కావాలి. తలుపు అంచు, కళ్ళజోడు అంచు, చీర అంచు ఏదైనా సరే. మనిషి ముఖమైతే కంటి మీద పెట్టాలి. మీటరు దూరంలో లెన్సును ఎఫ్ 2 దాకా తెరిచి తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు నాలుగైదు సెంటీమీటర్లే. ఫోకస్ చేశాక మనం అర అడుగు ముందుకు ఒరిగితే చాలు, పని చెడుతుంది. ఇక కెమెరాలో కొలతే తప్పిందేమో అని అనుమానం ఉంటే, లెన్సును అనంతం గుర్తు దగ్గర పెట్టి చంద్రుణ్ణి చూడండి. ఒక్క చంద్రుడు కనబడాలి. ఇద్దరు కనబడితే మరమ్మతుకు పంపాలి. పగలైతే దూరాన కనబడే బుర్జ్ ఖలీఫా ఉండనే ఉంది.

ఇటువంటి లైకా II ఒకటి మనం ఉంటున్న ఈ నేల మీదనే తిరిగింది. విల్‌ఫ్రెడ్ థెసిగర్ అనే ఆంగ్లేయుడు 1945లో మిడతల నివారణ సంస్థ పనిమీద అరేబియాకు వచ్చి, 1946–47లో ఒకసారి, 1947–48లో మరొకసారి రుబ్ అల్ ఖాలీ ఎడారిని ఒంటెల మీద దాటాడు. 1948 మార్చిలో అబుదాబి చేరి, అక్కడినుంచి అల్ ఐన్ ప్రాంతానికి వెళ్ళి, అప్పటికి ఆ ప్రాంతపు పాలనాధికారిగా ఉన్న షేక్ జాయెద్‌కు అతిథి అయ్యాడు. బెదూయిన్లు ఆయనను ముబారక్ బిన్ లండన్ అని పిలిచారు. ఇసుక చొరబడకుండా కెమెరాను మేకతోలు సంచిలో దాచుకొనేవాడు. తీసినవన్నీ నలుపు తెలుపు చిత్రాలే. అల్ ఐన్‌లోని జాహిలీ కోటలో వాటి ప్రదర్శన శాశ్వతంగా ఏర్పాటు చేశారు. చూడనివారు కుటుంబంతో ఒక శుక్రవారం సాయంత్రం వెళ్ళి చూడవలసిన చోటు.

ఆ చిత్రాల ముందు నిలబడినప్పుడు మాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఎడారిలో ఫిల్ము కడిగే వసతి ఎక్కడిది? తీసినది వచ్చిందో లేదో చూసుకొనే వీలే లేదు. మూత తీశానా, ఫిల్ము కదిలిందా అని తనను తానే అడిగి, తానే జవాబు చెప్పుకోవాలి. ఆ కెమెరాలో ఫిల్మును అడుగు నుంచి దూర్చాలి. ఫిల్ము కొసను కత్తెరతో పొడుగ్గా కత్తిరిస్తే గాని సరిగా ఎక్కదు. అలాంటి పనిముట్టుతో, అంత ఎండలో, అంత ఇసుకలో తెచ్చిన ముఖాలు అవి.

లైకా II పుట్టిన రెండేళ్ళకు, 1934లో, సోవియట్ దేశంలోని ఖార్కోవ్‌లో అనాథ బాలల శ్రామిక కమ్యూను ఒకటి దానికి నకలు తయారు చేయడం మొదలుపెట్టింది. దాని పేరు ‘ఫెడ్’. యుద్ధం తరువాత మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లో ఆ వంశంలోనే ‘జోర్కీ’ పుట్టింది. 1956 నుంచి 1973 దాకా తయారైన జోర్కీ-4 లక్షల సంఖ్యలో లోకం మీదికి వచ్చింది. అందులో ఒకటి మా ఇంటికి వచ్చింది. సోవియట్ సహాయంతో కట్టిన హైదరాబాదు ఐడిపిఎల్ కర్మాగారంలో మా తాతగారు ఉద్యోగం చేసేవారు. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక రష్యన్ ఇంజనీరు దగ్గర దానిని కొన్నారు.

తాతగారు పోయాక కెమెరా మా చేతికి వచ్చింది. ఇక్కడ ఉద్యోగంలో చేరిన తరువాత మొదటి సెలవుకు వెళ్ళేటప్పుడు ఒక రీలు కొని, ఆ కెమెరాతోనే అమ్మమ్మను ఫోటోలు తీద్దామనుకున్నాము. పెరట్లో, వంటింటి గడప మీద, తులసికోట దగ్గర నాలుగు రోజులు తీశాము. "మీ తాతయ్య కూడా ఇలాగే గంటసేపు నిలబెట్టేవారురా" అని ఆమె నవ్వింది. 36 బొమ్మల రీలులో 36 దాటి 38, 40 కూడా వచ్చాయి. రష్యన్ కెమెరా ఉదారమైనదని సంతోషించాము కూడాను.

రీలు కడిగిస్తే ఒక్క బొమ్మ లేదు. ఫిల్ము కొస అవతలి చుట్టకు పట్టుకోలేదు. మేము మీట నొక్కిన ప్రతిసారీ షట్టరు తెరుచుకుంది, మూసుకుంది, అంకె తిరిగింది. ఫిల్ము మాత్రం డబ్బాలో హాయిగా నిద్రపోయింది. మరుసటి సెలవు రాకముందే అమ్మమ్మ కాలం చేసింది.

ఈ పొరపాటుకు విరుగుడు చాలా తేలిక. అప్పట్లో మాకు చెప్పినవారు లేరు. ఫిల్ము ఎక్కించి వీపు మూసిన తరువాత, ఎడమ చేతివైపున ఫిల్మును వెనక్కి చుట్టే మొగ్గను కొంచెం తిప్పి, వదులు లేకుండా బిగించాలి. తరువాత ముందుకు ఎక్కించే ప్రతిసారీ ఆ మొగ్గ తనంతట తాను తిరుగుతున్నదో లేదో చూడాలి. అది తిరిగితే ఫిల్ము కదిలినట్లు. అంకెను నమ్మరాదు, మొగ్గను నమ్మాలి. జోర్కీ వాడేవారికి మరొక మాట. షట్టరు వేగాన్ని ఫిల్మును ముందుకు ఎక్కించిన తరువాతనే మార్చాలి. ముందే తిప్పితే లోపలి యంత్రం చెడే ప్రమాదం ఉంది.

మూడవ తరగతి పొరపాటు తలలు తెగడం. చూసే కిటికీ లెన్సుకు పైన ఉంది గనుక, దగ్గరివారిని తీసినప్పుడు లెన్సు మనకు కనబడినదానికంటే కొంచెం కిందికి చూస్తుంది. 1954లో వచ్చిన లైకా ఎం3 దీనిని చక్కబరచింది. ఫోకస్ తిప్పుతుంటే కిటికీలోని వెలుగు గీతల చట్రం కూడా తగినంత జరుగుతుంది. జోర్కీ-4కు ఆ భాగ్యం లేదు. తల మీద కొంత ఖాళీ మనమే వదలాలి.

1971 డిసెంబరు 2న దుబాయిలో ఈ దేశం ఏర్పడిన సందర్భంలో, పతాకం కింద పాలకులు నిలబడిన చిత్రం తీసినది బొంబాయి నుంచి 1965లో ఇక్కడికి వచ్చిన రమేష్ శుక్లా. ఆ చిత్రం 2021లో విడుదలైన 50 దిర్హాముల నోటు మీదికి కూడా ఎక్కింది. ఆయన చేతి కెమెరా రోలీకార్డు. అది రేంజ్‌ఫైండరు కాదు గాని, దానిలోనూ చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద. మనలాగే పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనిషి, అలాంటి పనిముట్టుకు అలవాటు పడిన చేతితో, రెండవ అవకాశం లేని క్షణాన్ని పట్టుకున్నాడు. అభ్యాసం అంటే అది.

1959 తరువాత నైకాన్ ఎఫ్ వంటి అద్దపు కెమెరాలు ప్రబలి, లెన్సులోంచే చూసే సదుపాయం తిరిగి వచ్చింది. దీన్ దయాళ్ గరుకు గాజు మరో రూపంలో చేతిలోకి వచ్చిందన్నమాట. 1977లో కోనికా సి35 ఏఎఫ్ తనంతట తానే ఫోకస్ చేసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఫోను ఉండనే ఉంది. ఒక్కొక్క కొత్త కెమెరా పాతదానితో జనం చేసిన ఒక్కొక్క పొరపాటుకు జవాబు.

ఈ ఎడారి దేశంలో పాత కెమెరా వాడేవారికి కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు కావాలి. ఈ కెమెరాలు చాలావాటిలో షట్టరు గుడ్డ తెర. మూత లేకుండా ఎండకు ఎదురుగా పెడితే, భూతద్దంతో కాగితం కాల్చినట్లు లెన్సు ఆ తెరకు చిల్లు వేస్తుంది. కారులో ఫిల్ము ఉంచకండి, వేడికి చెడుతుంది. ఆగస్టులో ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడవకుండా అరగంట ఆగండి. ఎండ నిండుగా ఉంటే 100 ఏఎస్ఏ ఫిల్ముకు ఎఫ్ 16, సెకనులో 125వ వంతు చాలు. ఇసుక తెల్లగా మెరుస్తుంటే ఇంకొక మెట్టు తగ్గించవచ్చు. ఇక విమానాశ్రయంలో ఫిల్మును పెద్ద సామానులో వేయకండి. చేతిసంచిలో పెట్టుకొని, చేత్తో తనిఖీ చేయమని అడగండి. ఈమధ్య వస్తున్న సీటీ స్కానర్లు ఒక్క పర్యాయంతోనే ఫిల్మును మసకబారుస్తాయి. ఎక్సురేలతో రోజూ పనిపడే వాళ్ళము గనుక గట్టిగా చెబుతున్నాము.

మా ఇంటి గోడ మీద అమ్మమ్మ ఫోటో ఒకటి ఉంది. అదే జోర్కీతో తాతగారు తీసినది. ముఖం ఎంతో స్పష్టంగా ఉంది, కంటి మీదనే ఫోకస్ పెట్టారు. కాని పాపిట దగ్గర తల తెగిపోయింది, పెట్టుకున్న మల్లెపూలు సగమే కనబడతాయి. ఎవరో ప్రింటు కత్తిరించారని చిన్నప్పుడు అనుకునేవాళ్ళము. ఇప్పుడు తెలుసు. తాతగారు బాగా దగ్గరగా నిలబడి తీశారు. ఆయన కంటికి పూలన్నీ కనబడే ఉంటాయి.

ఆ పిల్లవాడికి మేము చెప్పినది ఒక్కటే. మొదటి రీలు గోడల మీద, గోరింట చెట్టు మీద, పక్కింటి పిల్లి మీద ఖర్చు చేయి. కడిగించి, తప్పులు చూసుకో. రెండవ రీలు మీ నానమ్మ కోసం ఉంచు. వేసవి సెలవులలో వెళ్ళేటప్పుడు మాత్రం మొగ్గ తిరుగుతున్నదో లేదో చూడడం మరచిపోకు.