దస్తగిరి - పేరు వెనుకనున్న చేయి

రాయలసీమ జిల్లాలనుండి మా కేంద్రమునకు వచ్చిన శ్రోతల ఉత్తరములలో, పాటలు కోరినవారి పేర్ల నడుమ, ‘దస్తగిరి’ అను పేరు అప్పుడప్పుడు కనబడుచుండును. శ్రీకాకుళ ప్రాంతపు ఉత్తరములలో ఈ పేరు చూచినట్లు మాకు జ్ఞాపకము లేదు. విననివారికి ఇది ఏదో కొండపేరుగా తోచును. శేషగిరి, యాదగిరి, సింహగిరి యుండగా దస్తగిరి మాత్రము ఏల కొండ కాకూడదు? ‘గిరి’ యన్న మాట చెవిని బడగానే తెలుగువాని కన్నులయెదుట శిఖరము నిలుచును.

మాకు తెలిసిన విద్యావంతు డొకరు, ఇది ‘దత్తగిరి’కి వచ్చిన అపభ్రంశమని తీర్మానించి, ఒక పెండ్లి శుభలేఖలో వరుని పేరు ఆ విధముగా దిద్దించిరి. వరుని అవ్వ ఒప్పుకొనలేదు. తాను మ్రొక్కుకొన్నది దత్తాత్రేయునికి కాదనియు, దస్తగిరి సామికే యనియు పట్టుబట్టి శుభలేఖలను మరల అచ్చు వేయించెను. ఆ కుటుంబము హిందువులది. అవ్వకు పారసీకము రాదు, అక్షరము కూడ రాదు. అయినను పేరు విషయమున ఆమెయే సరి.

ఈ పేరులో కొండ లేదు. ఇది పారసీక భాషలోని ‘దస్త్‌గీర్’ అను సమాసము. ‘దస్త్’ అనగా చేయి. ‘గీర్’ అనగా పట్టుకొనువాడు. ఆపదలో మునిగినవాని చేయి పట్టి గట్టున వేయువాడు దస్తగిరి. ఈ రెండు ముక్కలును మనకు క్రొత్తవి కావు. ఆస్తి కొన్నపుడు వ్రాయించు దస్తావేజులోను, దాని క్రింద పెట్టు దస్తఖత్తులోను, ఇరువదినాలుగు కాగితముల దస్తాలోను, తెలంగాణమున భుజముపై వేసికొను దస్తీలోను ఉన్నది ఆ చేయియే. ‘జబర్దస్తీ’ యనునదియు పైచేయి యన్న మాటయే. ఇక ‘గీర్’ను జాగీరులో చూడవచ్చును. ‘జా’ అనగా చోటు. చోటును పట్టుకొన్నవానిది జాగీరు. లోకమును పట్టినవాడు జహంగీరు. ఆ మొగలు చక్రవర్తి లోకమును పట్టినాడు. మన పేరులోనివాడు చేయి మాత్రమే పట్టినాడు. పల్లెటూరి తల్లి తన బిడ్డకు ఏ పేరు ఎంచుకొన్నదో చూడుడు.

ఇంకొక విశేషమును కూడ చెప్పవలయును. పారసీకము, సంస్కృతము ఒక తల్లి బిడ్డలు. ప్రాచీన పారసీకమున ‘దస్త’, అవెస్తా భాషలో ‘జస్త’, సంస్కృతమున ‘హస్త’ - ఇవి మూడును ఒకే మాటకు మూడు రూపములు. ‘గీర్’కు మూలమైన క్రియ మన వేదభాషలోని ‘గ్రభ్’ ధాతువునకును, తరువాతి సంస్కృతమున ‘గ్రహ్’ ధాతువునకును తోబుట్టువు. అనగా దస్తగిరి యను పేరును అక్షరమునకు అక్షరముగా సంస్కృతములోనికి మార్చినచో ‘హస్తగ్రాహి’ యగును. పెండ్లిలో పాణిగ్రహణమన్నపుడు మనము పలుకు ‘గ్రహణ’ శబ్దమే ఈ పేరు చివర కొండ వేషము వేసికొని కూర్చున్నది. దత్తగిరిగా దిద్దినవారు సంస్కృతమును వెదకిన చోటు తప్పుగాని, సంస్కృతపు బంధుత్వము మాత్రము ఉన్నది! నేటి పారసీకములో ఈ మాటకు ‘నిర్బంధింపబడినవాడు’ అను అర్థమును ఏర్పడినది. పట్టినవాడు రక్షకభటుడైనచో అర్థము అట్లే మారును గదా.

దస్త్‌గీర్ దస్తగిరి యైన విధము కూడ చూడదగినదే. తెలుగు నోటికి హల్లుతో ముగియు మాట ఇంపు కాదు. జాగీర్ జాగీరైనది, ఫకీర్ ఫకీరైనది. ఆ వరుసలో ఇది ‘దస్తగీరు’ కావలసియుండెను. అట్లు పలుకువారును లేకపోలేదు. కాని జనసామాన్యము దీర్ఘమును కుదించి, చివర ఇకారము చేర్చి, ‘గిరి’ని చేసినది. ముందే ఉన్న వెంకటగిరి, శేషగిరుల అచ్చులో క్రొత్త లోహమును పోసినట్లైనది. ఆడుబిడ్డకు దస్తగిరమ్మ యన్నపుడు ఆ అచ్చు మరింత కుదిరినది. పరాయి మాటను తనదిగా చేసికొనుటలో తెలుగు ఎన్నడును సంకోచింపలేదు.

ఎవరి చేయి ఇది? బాగ్దాదు నగరమున వెలసిన షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీగారిది. కాస్పియన్ సముద్రపు దక్షిణతీరమున గీలాన్ అను సీమయందు, హిజ్రీ 470వ యేట, అనగా క్రీస్తుశకము 1077-78లో జన్మించిరి. అరబ్బీలో గకారము లేనందున గీలానీ జీలానీ యైనది. 1095 ప్రాంతమున, పదునెనిమిదేండ్ల వయసున, చదువుకై బాగ్దాదు చేరిరి. మహావిద్వాంసుడు గజాలీ తన ఆచార్యపీఠమును విడిచి బాగ్దాదునుండి వెడలిపోయినదియు ఆ సంవత్సరమే. జీలానీగారు హంబలీ ధర్మశాస్త్రమును అభ్యసించి, పిమ్మట ఎన్నో యేండ్లు ఏకాంతమున గడపి, నడివయసున ఉపన్యాస పీఠమెక్కిరి. వినవచ్చినవారి రద్దీకి పాఠశాల చాలక దానిని పెంచవలసివచ్చినదని చెప్పుదురు. 1166లో బాగ్దాదులోనే కన్నుమూసిరి. వారి పేర నడచు సూఫీ మార్గమే ఖాదిరీ. 1534లో బాగ్దాదును గెలిచిన తురుష్క సుల్తాను సులేమాను వారి సమాధిపై గుమ్మటమును కట్టించెను.

ఆయన బాల్యమును గూర్చిన కథ యొకటి మన పాఠశాల పిల్లలకు కూడ పరిచితమే. బాగ్దాదుకు బయలుదేరు కుమారుని అంగీలో తల్లి నలువది దీనారములు కుట్టి, అసత్యమాడనని మాట తీసికొన్నది. దారిలో దొంగలు బిడారును కొట్టిరి. నీయొద్ద ఏమున్నదని అడుగగా, నలువది దీనారములున్నవని బాలుడు చెప్పినాడు. పరిహాసమనుకొని ఇద్దరు వదలివేసిరి. నాయకుడు అంగీ విప్పించి చూచి, నిజమని తెలిసి, తల్లికిచ్చిన మాటకై సొమ్మును పోగొట్టుకొన సిద్ధపడిన పిల్లవాని యెదుట సిగ్గుపడి, వృత్తి మానుకొన్నాడు. ఈ కథకు చారిత్రక ప్రమాణ మెంత యనుట వేరు సంగతి. బిడ్డకు ఆ పేరు పెట్టుకొన్న తల్లులకు మాత్రము ఇదియే ప్రమాణము.

ఒక మహనీయుని బిరుదులు ఇన్ని పేర్లకు విత్తనములైన సందర్భము అరుదు. గౌస్ అనగా మొరవిని ఆదుకొనువాడు. దానినుండి మన గౌసు వచ్చెను. మొహియుద్దీన్ అనగా ధర్మమును బ్రతికించినవాడు, అది మొహిద్దీనైనది. మహబూబె సుబహానీ యనగా దేవుని ప్రియుడు. అది పల్లెలలో మాబు సుబానీ యైనది, కొన్నిచోట్ల మాబు మాత్రమే మిగిలినది. ప్రకాశం జిల్లాలో పుట్టి, తన సతి కాలీషాబీతో కలసి 2021లో పద్మశ్రీ నందుకొన్న నాదస్వర విద్వాంసులు షేక్ మహబూబ్ సుబానీగారి పేరు ఈ బిరుదే. త్యాగరాజ కీర్తన వాయించు నాదస్వరము వెనుక బాగ్దాదు బిరుదు! జీలానీ సరేసరి. వీటన్నిటిలో పూర్తిగా తెలుగు వేషము ధరించినది దస్తగిరి యొక్కటే.

ఖాదిరీ సూఫీలు ఆదిల్‌షాహీల కాలమున బీజాపురమునందు స్థిరపడిరి. 17వ శతాబ్దిలో కర్నూలు బీజాపురము వారి యేలుబడిలో నుండెను. ఆ శతాబ్ది నడుమ గండికోట గోలకొండ వారి చేతిలో పడెను. సేనల వెంట ఖాజీలు, వర్తకులు, వారి వెంట ఫకీరులు వచ్చిరి. రాజుల ఫర్మానాలకంటె ఫకీరుల మాట పల్లెలలో ఎక్కువ దూరము పోయినది.

1832లో లండనులో అచ్చయిన ‘కానూనె ఇస్లాం’ అను గ్రంథమున ఈ ఆచారముల వర్ణన కలదు. దక్కను ముస్లిముల పండుగలను, పురుటి పెండ్లి తంతులను విపులముగా చెప్పిన ఆ గ్రంథమును హెర్‌క్లాట్స్ అను వైద్యుడు ఆంగ్లమున వెలువరించెను. రచయిత జాఫర్ షరీఫ్ మన ఏలూరువాడు. ఈ సంగతిని తెలుగువారు తగినంతగా చెప్పుకొనలేదని మా అభిప్రాయము. రబీఉస్సానీ నెలను పీరుగారి పేర దస్తగీరు నెలయని పిలుచుటయు, పదునొకండవ నాటి ఫాతిహాయు, ఊరిలో మారీ చొరబడినపుడు వారి పేర పచ్చని జెండా నూరేగించుటయు ఆయన వ్రాసినాడు. ఆ పదునొకండవ తిథియే మన పల్లెల ‘గ్యార్మీ’. చాంద్రమానపు నెల గనుక అది ఏటేట పదునొకండు రోజులు వెనుకకు జరుగుచు, ఒకయేడు వేసవిలో, ఇంకొకప్పుడు వానలలో వచ్చును.

జెండా ఇంటిముందుకు వచ్చినపుడు నీళ్లు పోసి, చక్కెర చదివించి, బిడ్డను చూపుటకు కులమత భేదము అడ్డు రాలేదు. సంతు నిలువని తల్లి మ్రొక్కుకొన్నది, బిడ్డ బ్రతికినాడు, దస్తగిరి యైనాడు. మస్తానయ్య, ఫకీరప్ప, హుసేనప్ప, నాగూరయ్య - ఇవన్నియు ఈ విధముగా వచ్చిన హిందువుల పేర్లే. పేరుకు ముందు షేక్ అని యున్నచో ముస్లిము. మరియొక ఇంటిపేరున్నచో హిందువు కావచ్చును. పేరు మాత్రము చూచి మతమును చెప్పుట సాధ్యము కాదు. 2024లో కర్నూలు జిల్లా కోడుమూరునుండి, షెడ్యూల్డు కులములకు కేటాయించిన స్థానమున, శాసనసభకు ఎన్నికైనవారి పేరు బొగ్గుల దస్తగిరి.

ఇట్టి పేరు నేడు ఇరుప్రక్కలనుండియు ఒరపిడికి లోనగుచున్నది. ఆదుకొనువాడు దేవుడొక్కడే, ఆ బిరుదు మనుష్యున కీయరాదని ముస్లిములలో కొందరి వాదము. ఇది క్రొత్త వాదము కాదు, దానికి శాస్త్రబలమును లేకపోలేదు. ఇక హిందువుల ఇండ్లలో అట్టి తర్కమేమియు లేదు. పాఠశాలలో తోటిపిల్లలు ‘నీవు సాయిబువా?’ అని అడుగుదురేమోనను జంకు మాత్రమే కలదు. మొదటిది విశ్వాసమునకు సంబంధించినది, దానిని మేము గౌరవింతుము. రెండవది మాకు కష్టము కలిగించును. మ్రొక్కు తీర్చిన చేయిని మరచుటకు ఇరుగుపొరుగువారి చూపు చాలునా?

తాతపేరు మనుమనికి పెట్టు ఆచారమొకటి మిగిలియున్నందున, కొన్ని యిండ్లలో ఈ పేరు ఇంకను పూర్తిగా పోలేదు. పిలుచుటకు రెండక్షరముల క్రొత్తపేరు, బడిపుస్తకములో దాని వెనుక దస్తగిరి. గ్యార్మీనాడు జెండా గుమ్మము ముందు ఆగినపుడు అవ్వలు ఆ పిల్లవానిని పిలుచునది వెనుకనున్న పేరుతోనే.