వేల్షు భాషయందలి నిర్దేశపదముల చరిత్రము

బ్రిటను ద్వీపమునకుఁ బడమట నున్న వేల్సు దేశపు భాష కెల్టికు శాఖకుఁ జేరినది. 1786వ సంవత్సరమునఁ గలకత్తాలో, సంస్కృత గ్రీకు లాటిను భాషలకు మూల మొక్కటియే యని ప్రకటించిన సర్ విలియం జోన్సు, కెల్టికు భాషకును ఆ మూలమే యుండవచ్చునని యూహించెను. ఆయన తండ్రి వేల్సులోని ఆంగ్లెసీ ద్వీపమున జన్మించినవాఁడు. కావున నీ భాషలోని చిన్నపదముల విచారము సంస్కృతజ్ఞులకు నిష్ప్రయోజనము గాదు.

వేల్షునందు స్థలమును నిర్దేశించు నవ్యయములు ముఖ్యముగా నాలుగు. వక్తకు సమీపమైన చోటు 'అమ'. శ్రోతకు సమీపమైనది 'అన'. దూరమైనను గంటికిఁ గానవచ్చునది 'అకు'. కంటికిఁ గానరాక మాటవలననే తెలియునది 'అనొ'. తెలుఁగున 'అచ్చట' యనునది యీ కడపటి రెంటికిని జెల్లును. సంస్కృతమున మాత్రము అదశ్శబ్దము విప్రకృష్టమును, తచ్ఛబ్దము పరోక్షమును దెలుపునని వైయాకరణులు చేసిన విభాగము దీనికి సరిపోవుచున్నది.

దేశవాచకము కాలవాచకమగుటయు నిందుఁ గలదు. 14వ శతాబ్దపు వ్రాఁతప్రతులలో నిలిచిన మబినొగి కథలయందు 'అన' యనుపదము 'అంతట' యను నర్థమున నొక సంఘటన వెంట నింకొకదానిని గూర్చును. 'తరువాత' యని యర్థమిచ్చు 'వెదిన్' అను పదమో, 'పిమ్మట' యను 'వెది'యు, 'ఇది' యను 'హిన్'ను గలసి యేర్పడినది. వరుసను దెలుపు పదము సైతము వ్రేలితోఁ జూపు పదమునుండియే పుట్టినదన్నమాట.

ఇఁక 'దమ' (ఇదిగో), 'దన' (అదిగో), 'దకు' (అల్లదిగో) అనునవి. ఇవి చూచుటకు విభజింపరాని నిపాతములవలె నున్నవి. చరిత్రము వేఱు. 'వెలి ది అమ', అనఁగా 'ఇచ్చట నీవు చూచుచున్నావా' యను ప్రశ్నవాక్యము వాడుకలో నరిగి 'దమ' యైనది. క్రియ పూర్తిగా లోపించెను. 'నీవు' అను సర్వనామమునుండి దకారము మాత్రము మిగిలెను.

ఈ వ్యుత్పత్తికి ఊఁత భాషలోనే కలదు. 'తీ' యనఁగా నిల్లు. 'ఇదిగో ఇల్లు' అనుటకు 'దమ దీ' యనవలెను. పరుషము సరళమగుట తెలుఁగు పండితులకుఁ గ్రొత్త గాదు. కాని తెలుఁగున ద్రుతము నిమిత్తము, ఇచ్చట నట్టి వర్ణము గానరాదు. వేల్షున సవిభక్తిక క్రియకుఁ గర్మమైన నామమునకు నీ మార్పు విహితము: 'గ్వెలైస్ దీ', అనఁగా 'ఇల్లు చూచితిని'. 'దమ' మీఁది నామమును గర్మమువలెనే మాఱుచున్నది.

ప్రత్యయము లోపించినను దానిచేఁ గలుగవలసిన కార్యము నిలుచునని పాణిని విధించెను. ఇచ్చట లోపించినది ప్రత్యయము గాక క్రియయే యైనను న్యాయ మొక్కటియే. లోపమునకు నాతఁడు చెప్పిన యర్థ మదర్శనము. ఈ పదములలో 'చూచు'ట యను క్రియయే యదర్శనమైనది. దాని కర్మ మింకను సాక్ష్యము పలుకుచున్నది.