పోర్ట్ ఫార్వార్డింగ్

ఇంటర్నెట్ నుంచి రౌటరుకు చేరిన అభ్యర్థనను, దానిలోని పోర్టు సంఖ్యను బట్టి, స్థానిక నెట్‌వర్కులోని నిర్దిష్ట పరికరానికి మళ్లించే పద్ధతిని పోర్ట్ ఫార్వార్డింగ్ అంటారు. పోర్టు అంటే ఒకే పరికరంలో నడిచే వేర్వేరు సేవలను గుర్తించే సంఖ్య. ఇది 16 బిట్లది కనుక 0 నుంచి 65535 వరకు ఉంటుంది.

ఇళ్లలోని పరికరాలు సాధారణంగా 192.168తో మొదలయ్యే ప్రైవేటు చిరునామాలు కలిగి, రౌటరుకున్న ఒకే పబ్లిక్ చిరునామాను పంచుకుంటాయి. ఇందుకోసం రౌటరు చేసే చిరునామా మార్పిడిని న్యాట్ అంటారు. లోపలి నుంచి మొదలైన సంధానాలకు వచ్చే జవాబులను రౌటరు తన పట్టిక చూసి సంబంధిత పరికరానికి అందిస్తుంది గాని, బయటి నుంచి కొత్తగా వచ్చిన అభ్యర్థనను ఎటు పంపాలో చెప్పే నియమం లేకపోతే తిరస్కరిస్తుంది.

ఆ నియమాన్ని ఏర్పరచడానికి ముందు, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీలో రిజర్వేషన్ ద్వారా పరికరానికి మారని చిరునామా కేటాయించాలి. తరువాత రౌటరు సెట్టింగులలో, కొన్ని కంపెనీల రౌటర్లలో ‘వర్చువల్ సర్వర్’ అని కనిపించే విభాగంలో, బయటి పోర్టు, లోపలి చిరునామా, లోపలి పోర్టు, టీసీపీ లేదా యూడీపీ ప్రోటోకాల్ నమోదు చేయాలి. ఉదాహరణకు, బయటి 8080 పోర్టును 192.168.1.50 చిరునామా గల సీసీటీవీ రికార్డరులోని 80వ పోర్టుకు కలిపితే, దాని వెబ్ పేజీ బయటి నుంచి కూడా తెరుచుకుంటుంది.

ఇంటర్నెట్ సర్వీసు సంస్థ ఒకే పబ్లిక్ చిరునామాను అనేకమంది చందాదారులకు పంచే క్యారియర్ గ్రేడ్ న్యాట్ ఉన్నచోట, ఇంటి రౌటరులో మాత్రమే చేసిన అమరిక పనిచేయదు. తెరిచిన పోర్టు దాడులకూ దారి ఇస్తుంది కనుక డిఫాల్ట్ పాస్‌వర్డు మార్చడం, అవసరం తీరిన నియమాన్ని తొలగించడం తప్పనిసరి. 2016లో వెలుగుచూసిన మిరాయ్ మాల్‌వేర్ డిఫాల్ట్ పాస్‌వర్డులతో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న కెమెరాలను, రౌటర్లను వశపరచుకొనే వ్యాపించింది.