పాలగిన్నె అడిగిన ప్రశ్న

శాస్త్ర చరిత్ర అంటే మహాపురుషుల చరిత్ర అనే అభిప్రాయం మన పాఠ్యపుస్తకాల్లో బలంగా పాతుకొని వున్నది. చెట్టు మీది పండు పడటం, న్యూటన్ చూడటం, సూత్రం పుట్టటం - కథ అక్కడితో ముగుస్తుంది. ఆ సూత్రాన్ని వల్లించి పరీక్ష రాసే విద్యార్థికి ఆ చరిత్రలో చోటు లేదు. ప్రశ్నించే హక్కు ఎవరిది అన్న విషయాన్ని ఆ చరిత్ర చర్చకు రానివ్వదు. ఆ చర్చ చెయ్యటానికి తూర్పు ఆఫ్రికాలో జరిగిన ఒక చిన్న సంఘటన మనకు ఎంతో తోడ్పడుతుంది.

టాంగానికా 1961 డిసెంబరులో బ్రిటిషు పాలన నుంచి విముక్తి పొందింది. 1963లో ఆ దేశంలోని మగంబా సెకండరీ స్కూల్లో మూడో ఫారం చదువుతున్న ఎరాస్టో ఎంపెంబా తోటి పిల్లలతో కలిసి ఐస్‌క్రీం చేసుకొనేవాడు. పాలు కాచి, చక్కెర కలిపి, చల్లారిన తరవాత ఫ్రీజరులో పెట్టటం వారి పద్ధతి. ఫ్రీజరులో చోటు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒకనాడు తోటివాడొకడు చోటు పోతుందని పాలు కాచకుండానే చక్కెర కలిపి లోపల పెట్టేశాడు. ఎంపెంబా పాలు పొయ్యి మీద వున్నాయి. చల్లారేదాకా ఆగితే మిగిలిన ఒక్క ట్రే కూడా దక్కదు. ఫ్రీజరు పాడైనా సరేనని వేడి పాలనే పోసి పెట్టాడు. గంటన్నర తరవాత చూస్తే అతని పాలు గడ్డకట్టాయి. తోటివాడి పాలు చిక్కబడ్డాయే గాని గడ్డకట్టలేదు.

ఇది ఎందుకు జరిగిందని ఉపాధ్యాయుణ్ణి అడిగాడు. నువ్వు పొరబడి వుంటావు, అలా జరగటానికి వీలు లేదన్నాడాయన. కుర్రవాడు అప్పటికి ఊరుకున్నాడు. కాని టాంగా పట్నంలో ఐస్‌క్రీం చేసి అమ్ముకొనే స్నేహితుడు, తాము త్వరగా గడ్డకట్టటం కోసం వేడిగానే పెడతామని అతనితో చెప్పాడు. తరగతి గదిలో అసంభవమైనది బజారులో రోజువారీ ఆచారంగా వున్నదన్న మాట! చేతులతో పని చేసేవారి అనుభవానికి, బల్ల ముందు కూర్చున్నవారి జ్ఞానానికి మధ్య అడ్డుగోడ ఎంత ఎత్తున వున్నదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

తరవాత అతడు ఇరింగాలోని మ్క్వావా హైస్కూల్లో చేరాడు. జర్మను వలసపాలకులను ఎదిరించిన నాయకుడి పేరు ఆ పాఠశాలకున్నది. అక్కడ న్యూటన్ శీతలీకరణ సూత్రం చెబుతుండగా పాత ప్రశ్ననే మళ్ళీ అడిగాడు. అది ఎంపెంబా భౌతికశాస్త్రమే గాని లోకమంతా ఒప్పుకొన్న భౌతికశాస్త్రం కాదని ఉపాధ్యాయుడు తేల్చివేశాడు. అది మొదలు లెక్కలో తప్పు చేస్తే అది ఎంపెంబా గణితమని తరగతి అంతా నవ్వేది. దొరలు వెళ్ళిపోయారు, సూత్రం ముందు నోరు మెదపకూడదన్న అలవాటు మాత్రం వెళ్ళలేదు.

ఉపాధ్యాయుని అభ్యంతరంలో తర్కం లేకపోలేదు. వేడి నీరు చల్లబడుతూ, చన్నీరు బయలుదేరిన ఉష్ణోగ్రతకు రావాలి గదా! అప్పటికి చన్నీరు మరింత ముందుకు పోయి వుంటుంది. అయితే ఈ తర్కం రెండు గిన్నెలూ ఉష్ణోగ్రతలో తప్ప మరెందులోనూ తేడా లేనివని ముందే అనుకొంటుంది. వేడి నీటిలో కొంత ఆవిరై పోతుంది. కరిగివున్న వాయువులు బయటికి పోతాయి. లోపలి ప్రవాహాలు వేరుగా వుంటాయి. వేడి గిన్నె కింది మంచు కరిగి గిన్నె ఫ్రీజరుకు బాగా అంటుకోవచ్చు. వీటిని లెక్కలోకి తీసుకోకుండా అసంభవం అనటం న్యూటన్ చేసిన తప్పు కాదు, న్యూటన్ పేరు చెప్పుకొనేవారు చేసిన తప్పు.

కొంతకాలానికి దారెస్సలాం యూనివర్సిటీ కాలేజీ నుంచి డెనిస్ ఆస్‌బోర్న్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆ పాఠశాలకు వచ్చాడు. ఎంపెంబా లేచి అదే ప్రశ్న వేశాడు. పిల్లలు నవ్వారు. ఆస్‌బోర్న్‌కూ నమ్మకం కలగలేదు. కాని చేసి చూస్తానని మాట ఇచ్చి, నిలబెట్టుకొన్నాడు. వేడి నీరే ముందు గడ్డకట్టిందని ప్రయోగం చేసిన సహాయకుడు చెప్పాడు. పైగా, సరైన ఫలితం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తామన్నాడట! పుస్తకం పట్ల భక్తి కళ్ళెదుటి సాక్ష్యాన్ని కూడా ఎలా కప్పివేస్తుందో ఇంతకన్న చక్కని ఉదాహరణ వుండదు. 1969లో విద్యార్థి, ఆచార్యుడు కలిసి రాసిన వ్యాసం 'ఫిజిక్స్ ఎడ్యుకేషన్' పత్రికలో వెలువడింది. అదే సంవత్సరం కెనడాలో కెల్ అనే శాస్త్రజ్ఞుడు స్వతంత్రంగా ఇదే విషయం ప్రకటించాడు. అరిస్టాటిల్, 1620లో బేకన్, 1637లో డెకార్ట్ ఇటువంటి విషయాన్నే ప్రస్తావించివున్నారు. అంటే లోకం ఎరిగిన విషయాన్నే పాఠ్యపుస్తకం మరిచింది.

అయితే అభ్యుదయవాదులమైన మనం ఇక్కడ జాగ్రత్తపడాలి. పేద దేశపు కుర్రవాడు పండితులను ఓడించాడని జేజేలు కొట్టి వూరుకుంటే మనమూ ఒక పురాణం అల్లినవారమే అవుతాం. విషయం నేటికీ తేలలేదు. 2012లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ దీనికి కారణం చెప్పమని పోటీ పెడితే 22,000కు పైగా సమాధానాలు వచ్చాయి. 2016లో బరిడ్జ్, లిండెన్ అనేవారు జాగ్రత్తగా ప్రయోగాలు చేసి, నీటి విషయంలో దీనికి నమ్మదగిన ఆధారం కనిపించలేదన్నారు. ఉష్ణమాపకం కొంచెం ఎత్తు మారినా ఫలితం మారుతుందని చూపారు. 2020లో కుమార్, బెకోఫర్ అనేవారు నీటిలో తేలే అతిసూక్ష్మ కణం మీద ఇటువంటి ఫలితాన్ని నిస్సందేహంగా సాధించారు. కనుక ఎంపెంబా గొప్పతనం అతడు గెలవటంలో లేదు. పరీక్షించదగిన ప్రశ్నను నవ్వులపాలైనా వదలకపోవటంలో వున్నది. ఆస్‌బోర్న్ గొప్పతనం నమ్మటంలో లేదు, నమ్మకపోయినా పరీక్షించటంలో వున్నది.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక విద్యార్థి తన వూళ్ళో వాడే మాట ఒకటి వ్యాసంలో రాస్తే, నిఘంటువులో లేదని ఎర్రసిరాతో కొట్టివేశాను. తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ మాట ఎవరు అంటారు, ఏ పనిలో అంటారు అని అడగాలని నాకు తోచలేదు. ఆ కుర్రవాడు మళ్ళీ ఆ మాట రాయలేదు. ఎంపెంబా కథ చదివినప్పుడల్లా నాకు ఆచార్యుడి పక్కన నిలబడాలనిపిస్తుంది. కాని నా చోటు మొదటి ఉపాధ్యాయుడి పక్కనే వున్నది. ఆ చోటు నుంచి కదలటానికి గొప్ప పాండిత్యమేమీ అక్కరలేదు. "ఏదీ, చూద్దాం" అన్న ఒక్క మాట చాలు.