పట్నములోని కాథలిక్కు కళాశాలలు – పల్లెనుండి వెళ్లిన మన విద్యార్థులు

ఈ శతజయంతి సంచికయందు సంఘముల పుట్టుకను, మందిరముల నిర్మాణమును, తొలి సువార్తికుల శ్రమలను గూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. నేను వ్రాయబూనినది వేరొక సంగతి. మంచాల చుట్టుపట్ల గ్రామములనుండి ప్రతి ఏట ఇంటరు ఫలితములు రాగానే కొందరు పిల్లలు డిగ్రీ చదువునకు పట్నము బయలుదేరుదురు. వారిలో కొందరు ఫాదర్లు, సిస్టర్లు నడుపు కళాశాలలలో చేరుదురు. ఆ కళాశాలలు ఎట్లు వచ్చినవి, వాటి గేటు మన పిల్లలకు ఎప్పుడు తెరువబడినది, లోపల వారికి ఏమి ఎదురగుచున్నది అను సంగతులు మన సంఘ చరిత్రలోని భాగములే యని నా అభిప్రాయము. రోమన్ కాథలిక్కు సంఘమునకును మనకును ఉపదేశ విషయములలో భేదములున్నవి. లెక్కలు, రసాయన శాస్త్రము చెప్పుకొనుటకు అవి అడ్డురావు గనుక ఇక్కడ వాటిని ప్రస్తావింపను.

కాథలిక్కు "విశ్వవిద్యాలయము" అనునది మన దేశములో ఇటీవలి మాట. ఇంగ్లీషు ప్రభుత్వము 1857లో మద్రాసు, బొంబాయి, కలకత్తా విశ్వవిద్యాలయములను స్థాపించి పట్టా ఇచ్చు అధికారమును వాటికి అప్పగించెను. మిషనులు కళాశాలలు పెట్టుకొనవచ్చును, పాఠములు చెప్పుకొనవచ్చును, గాని ప్రశ్నపత్రమును పట్టాయు విశ్వవిద్యాలయమువే. దీనికి మినహాయింపు మన ప్రొటెస్టెంటులలోనే యున్నది. శ్రీరాంపూరు కళాశాలకు డెన్మార్కు రాజు 1827లోనే పట్టా ఇచ్చు అధికారపత్రమును దయచేసెను; నా వేదాంత పట్టాయు ఆ శ్రీరాంపూరు పేరుమీదనే వచ్చినది. కాథలిక్కులకు చాలకాలము అట్టి వీలు లేకపోయెను. బెంగుళూరులో 1969లో ప్రారంభమైన క్రైస్టు కళాశాల 2008లో విశ్వవిద్యాలయ హోదా పొందినది. అదే నగరమందలి సెయింట్ జోసెఫ్స్ కళాశాల 1882 నాటిదైనను విశ్వవిద్యాలయమైనది 2022లోనే. అందుచేత మన తాతల తండ్రుల కాలమున కాథలిక్కు పై చదువు అనగా కళాశాలయే.

ఆ కళాశాలలలో తెలుగువారు ముందుగా ఎరిగిన పెద్ద పేరు మద్రాసు లయోలా. యేసుసభకు చెందిన ఫ్రెంచి గురువు ఫాదర్ ఫ్రాన్సిస్ బెర్ట్రాం 1925లో నుంగంబాకములో దానిని స్థాపించెను. మొదటి ఏడు 75 మంది విద్యార్థులు, లెక్కలు, చరిత్ర, అర్థశాస్త్రము అను మూడు విషయములు, అంతే. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివి గనుక మన భాషవారికి మద్రాసు పరాయి ఊరు కాదు. అయినను రైలు చార్జీయు హాస్టలు ఖర్చును భరింపగలవారికే ఆ చదువు. ఆడపిల్లలకొరకు మద్రాసు శాంథోములో స్టెల్లా మారిస్ కళాశాల 1947 ఆగస్టు 15న, అనగా స్వాతంత్ర్య దినముననే, 32 మందితో తెరువబడినది. ఊరంతయు జెండా పండుగ జరుపుకొనుచుండగా ఒక చిన్న ఇంటిలో 32 మంది ఆడపిల్లల పేర్లు రిజిస్టరులో వ్రాసికొనిన ఆ సిస్టర్ల ధైర్యము నాకు ముచ్చట గొలుపును.

యేసుసభవారి కళాశాలల క్రమశిక్షణను గూర్చి చదివినవారందరును చెప్పుదురు. అది ఒక ప్రిన్సిపాలుగారి కోపమువలన పుట్టినది కాదు. 1599లో ఆ సభవారు తమ బడులన్నిటికి ఒక విద్యా నియమావళిని ఏర్పరచుకొనిరి. ఉపాధ్యాయుడు పాఠమును ముందుగా విప్పి చెప్పుట, విద్యార్థి దానిని మరల అప్పజెప్పుట, పక్షములుగా చీలి వాదించుట, తరచుగా పరీక్షలు పెట్టుట అందులోని ముఖ్యాంశములు. గంట కొట్టగానే చదువుకు కూర్చొనుట, రాత్రి నియమిత వేళకు దీపములార్పుట, వార్డెను ఫాదరు వరండాలో నడుచుట మొదలగునవి ఆ సంప్రదాయములో పెరిగిన అలవాటులే. ఇంటివద్ద ఎనిమిదింటికి నిద్రపోవు పల్లె పిల్లవానికి రాత్రి పదింటివరకు పుస్తకము ముందు కూర్చొనుట మొదట శిక్షవలెనుండును. తరువాత అదియే అలవాటై జీవితాంతము విడువదు. మా పెద్దలలో ఒకరు ఉద్యోగ విరమణ చేసిన తరువాత గూడ భోజనానంతరము గంటసేపు కుర్చీ కదలక ఏదో ఒకటి చదువుచుండెడివారు. "హాస్టలు గంట ఇంకా చెవిలో మోగుతున్నదయ్యా" అనెడివారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడెను, మద్రాసు అవతలి రాష్ట్రమునకు పోయెను. అదే ఏడు డిసెంబరులో, ఆంధ్ర ప్రాంత బిషప్పుల కోరికమీద, యేసుసభవారు విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాలను స్థాపించిరి. నోబుల్ కళాశాల మచిలీపట్నములోను, ఆంధ్ర క్రైస్తవ కళాశాల గుంటూరులోను అంతకు చాల ముందే ప్రొటెస్టెంటు మిషనులవలన వెలసినవి గనుక, ఈ విషయములో కాథలిక్కులు మనకంటె వెనుక వచ్చినవారని చెప్పుకొనుటకు వీలున్నది. వెనుక వచ్చినను గట్టిగా నిలిచిరి. 1962లో విజయవాడలోనే ఆడపిల్లలకు మారిస్ స్టెల్లా కళాశాల ఏర్పడినది. మద్రాసులోనిది స్టెల్లా మారిస్, ఇక్కడిది మారిస్ స్టెల్లా. ఎటు త్రిప్పినను సముద్ర నక్షత్రమనియే అర్థము, నడిపినదియు ఒకే సభకు చెందిన సిస్టర్లే.

ఇక మన వైపు సంగతి. మన మంచాల ప్రాంతము నిజాము ఏలుబడిలోనిది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో జరిగెను. ఇంగ్లీషులో చదువగోరువారికి 1887 నాటి నిజాం కళాశాల కలదు, దాని పరీక్షలు మద్రాసు విశ్వవిద్యాలయమువి. తెలుగుమాత్రమే ఎరిగిన కూలివాని కుమారునికి ఈ దారియు లేదు, ఆ దారియు లేదు. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఇంగ్లీషు వచ్చినది. 1959లో సిస్టర్లు ఆడపిల్లలకొరకు సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాలను నెలకొల్పిరి. నేడది బేగంపేటలో ఉన్నది. 1974 డిసెంబరునుండి 1975 మార్చి వరకు రోమాలో కూడిన యేసుసభ 32వ సర్వసభ, విశ్వాసమును సేవించుట న్యాయమును నెలకొల్పుటనుండి విడదీయరానిదని తీర్మానించెను. 1976లో ఆ సభవారు సికింద్రాబాదునకు ఉత్తరమున అల్వాలులో లయోలా అకాడమీని ప్రారంభించిరి. అక్కడ సాధారణ డిగ్రీలతోపాటు వ్యవసాయము, ఆహార పదార్థముల సాంకేతిక విద్య, రసాయన సాంకేతిక విద్య వంటి చదువులు గూడ చేరినవి. సేద్యపు ఇండ్ల పిల్లలకు ఇవి సరిపడు చదువులు.

మంచాలనుండి అల్వాలు అనగా పట్నమునకు ఈ చివరనుండి ఆ చివరకు. ముందు ఇబ్రహీంపట్నము, అక్కడినుండి సాగరు రోడ్డుమీద ఎల్.బి.నగరు, దిల్‌సుఖ్‌నగరు, పిమ్మట సికింద్రాబాదు, ఆపైన మరియొక బస్సు. రోజూ వెళ్లివచ్చుట కుదరదు. హాస్టలో, చుట్టాల ఇల్లో, నలుగురు కలిసి తీసికొనిన అద్దె గదియో కావలెను. అద్దె గదిలో వంట వంతులు, గ్యాసు డబ్బులు, నెలాఖరున ఉప్మా. ఇది మన పిల్లలలో చాలమందికి కళాశాల జీవితములో సగము.

మిగిలిన సగము ఇంగ్లీషు. సర్కారు బడిలో తెలుగు మాధ్యమమున పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసైన పిల్లవాడు డిగ్రీ మొదటి నెలలో నోరు మెదపడు. మా సంఘములోని ఒక కుర్రవాడు చేరిన మూడవ వారమున నాకు ఫోను చేసి, "అయ్యగారూ, సారు చెప్పేది ఒక్క ముక్క సమజైతలేదు, వాపసొస్త" అనెను. వానికి విషయము రాక కాదు. ఆమ్లము, క్షారము అని నేర్చినదానిని యాసిడ్, బేస్ అనుచున్నారని వానికి తెలియుటకు దసరా సెలవులు పట్టినవి. పట్నములో చదివిన పిల్లలు ఇంగ్లీషులో నవ్వుకొనుచుండగా తన్ను చూచియే నవ్విరని అనుకొనుట ఆ వయస్సునకు సహజము. మానివేయువారు మొదటి ఆరు నెలలలోనే మానివేయుదురు. ఆ ఆరు నెలలు గడచినవారు సాధారణముగా నిలుతురు. నేను చూచినంతలో, నిలిచినవారిలో ఎక్కువమందికి ఎవరో ఒక సీనియరు, లేక సాయంత్రము పిలిచి కూర్చుండబెట్టి మరల చెప్పిన ఒక అధ్యాపకుడు తోడైనవారే. తెలంగాణ ప్రభుత్వము 2022–23నుండి సర్కారు బడులలో ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము పెట్టినది. ఆ ఏటి ఎనిమిదవ తరగతివారు డిగ్రీకి చేరు సంవత్సరము 2027.

ఇంగ్లీషుకంటె బరువైనది కాగితముల సంగతి. దీనిని మన సంఘములలో మెల్లగా మాటలాడుకొందుము గాని వ్రాయము. రాజ్యాంగము 30వ అధికరణము అల్పసంఖ్యాక వర్గములకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొను హక్కునిచ్చినది. అహమ్మదాబాదులోని యేసుసభవారి సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులో 1974లో సుప్రీంకోర్టు ఆ హక్కును గట్టిపరచెను. కాబట్టి ఇట్టి కళాశాలలలో క్రైస్తవ విద్యార్థులకు కొన్ని సీట్లుండును, వాటికి బాప్తిస్మ పత్రము అడుగుదురు. మరొక ప్రక్క, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులము హిందువులకే. సిక్కులను 1956లోను, బౌద్ధులను 1990లోను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో 1970లో వచ్చిన ఉత్తర్వు దళిత క్రైస్తవులను బి.సి.–సి వర్గములో ఉంచి నూటికి ఒక పాలు కేటాయించినది. ఇంటిలో అన్నదమ్ములిద్దరు, ఒకే తల్లి, ఒకే వాడ, ఒకే మందిరము. ఒకని ధ్రువపత్రములో ఎస్.సి., మరియొకనిదానిలో బి.సి.–సి. స్కాలర్‌షిప్పు ఒక కాగితమునకు, క్రైస్తవ సీటు మరొక కాగితమునకు. రెండు కాగితములు ఒకే బల్లమీద పెట్టుటకు వీలులేదు. బాప్తిస్మ పత్రముమీద సంతకము చేయువాడను నేనే గనుక, జూన్ నెలలో మా ఇంటి గడపలోనికి వచ్చు తల్లి ముఖము నాకు తెలియును. "అయ్యగారూ, ఈ కాయితం పెడితే పిల్లకు లాభమా, నష్టమా?" అని అడుగును. సువార్తలో దీనికి సూటియైన జవాబున్నది. ఫీజు రసీదులో లేదు.

ఫీజు మాట వచ్చినది గనుక చెప్పవలెను. విజయవాడ లయోలాలో విద్యార్థిగా నుండిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రియైన కాలమున, 2008 ప్రాంతములో, ఫీజు రీయింబర్సుమెంటు పథకము వచ్చినది. ప్రైవేటు కళాశాల గేటువద్దనుండి వెనుకకు తిరిగిన కుటుంబములు ఆ తరువాత లోపలికి పోయినవి. సొమ్ము ఆలస్యమైన సంవత్సరములలో సర్టిఫికెట్టు కళాశాల బీరువాలోనే యుండిపోవుటయు మన పిల్లలు ఎరుగుదురు. అయినను ఆ పథకము రానియెడల ఈ వ్యాసములోని పిల్లలలో సగముమంది ఇబ్రహీంపట్నము దాటకపోదురు.

గేటు ఎవరికి అను ప్రశ్న మనది మాత్రమే కాదు. అమెరికాలో సెయింట్ లూయీ నగరములో యేసుసభవారి విశ్వవిద్యాలయము 1818 నాటిది. నేడు అక్కడ మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుచున్నారు. అక్కడ నూరు సంవత్సరములకు పైగా నల్లజాతివారిని చేర్చుకొనలేదు. 1944 ఫిబ్రవరి 11న ఫాదర్ క్లాడ్ హైట్‌హౌస్ విద్యార్థుల ఆరాధనలో ప్రసంగించుచు, ఈ అన్యాయమును గూర్చి వారిని ప్రశ్నించి, లేచి నిలిచి తనతోకూడ క్షమాపణ ప్రార్థన చేయుమని కోరెను. ఆ వేసవిలోనే ఐదుగురు నల్లజాతి విద్యార్థులు చేరిరి. ఆ ఫాదరుగారిని తరువాత అక్కడినుండి బదిలీ చేసిరి. మన దేశములో కాథలిక్కు బిషప్పుల సభ 2016 డిసెంబరులో దళితుల విషయమై విధాన పత్రమును వెలువరించి, సంఘములోపల అంటరానితనమున్నదని ఒప్పుకొనెను. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనిగారు కార్డినలు అయిరి. దళితులలోనుండి ఆ పదవికి వచ్చిన మొదటివారు ఆయనయే, ఆయన తెలుగువారు.

నేడు ఇబ్రహీంపట్నము చుట్టు పొలములలో ఇంజనీరింగు కళాశాలలు వెలసి, పట్నపు పిల్లలే బస్సులలో మన వైపు వచ్చుచున్నారు. అయినను అల్వాలునకు, బేగంపేటకు వెళ్లువారు వెళ్లుచునే యున్నారు. సిస్టర్ల కళాశాలలో చదివి ఇప్పుడు ఉద్యోగము చేయుచున్న మా సంఘపు అమ్మాయి ఒకామె, మొదటి సంవత్సరములో తరగతిలో వినబడిన ఇంగ్లీషు మాటలన్నిటిని తెలుగు అక్షరములలో వ్రాసికొని, ప్రక్కన అర్థములు చేర్చుకొనిన రెండు వందల పేజీల నోటుబుక్కును దాచుకొనియున్నది. ఇంటరు ముగించిన పిల్లలు వేసవిలో దానిని ఒకరి తరువాత ఒకరు తీసికొని పోవుచున్నారు. అట్ట ఊడిపోగా క్రిందటి ఏడు మందిరపు పాత క్యాలెండరుతో క్రొత్త అట్ట వేసిరి.